జేజికి చూపించిన ఏరు

పోయిన ఆదివారం లండన్ నుంచి మా తమ్ముడి కూతురు వీడియో కాల్ చేసింది. అక్కడ చదువుకుంటోంది. సెలవు దొరికిందని ఊరు చూడ్డానికి బయల్దేరిందట. చలికి మఫ్లర్‌ను గడ్డం కింది నుంచి తల మీదికి చుట్టి ముడేసుకుంది. "అత్తా, ఎట్లుండాను చెప్పు?" అంది. ముచ్చటగా ఉన్నావని చెప్పాల్సింది పోయి, "ముందు ఆ కట్టు విప్పు" అని కసిరాను. పిల్ల బిత్తరపోయింది.

నేనూ ఒకప్పుడు ఆ దేశంలోనే చదువుకున్నాను. ముప్పై దాటాక, టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ పోయాను. పరీక్షలు వారంలో ఉన్నాయనగా పుస్తకాలు అవతల పడేసి ఒకరోజంతా లండన్ తిరిగాను. రెండంతస్తుల బస్సులో పైన ముందు సీటు కోసం ఒక చిన్నపిల్లతో పోటీపడి, సిగ్గు లేకుండా గెలిచాను. రెండు ఐస్‌క్రీములు తిన్నాను. మధ్యాహ్నానికి ఏటి ఒడ్డుకు చేరాను. కమలాపురంలో మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, ఏట్లో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ చూసిన మనిషి. "ఆడ ఏటి నిండా నీళ్ళంట గదా పాపా, నాకూ చూపీ" అని ఫోను చేసినప్పుడల్లా అడిగేది. ఆ మాట తీర్చాలని వీడియో కాల్ చేశాను.

చిన్నమ్మ ఎత్తింది. వెనక పాటలు వినిపిస్తున్నాయి. మాది చర్చికి పోయే కుటుంబం, ఇంట్లో పాటలు మామూలే. "ప్రార్థన కూడిక పెట్టుకున్నాం పాపా. జేజి నిద్రపోతాండాది, మళ్ళా చేయి" అంది. నేను వినలేదు. నిద్రలోనైనా సరే, ముఖం చూపించాల్సిందేనన్నాను. పాటలు ఆగిపోయాయి. జేజి కనిపించింది. ఎద దాకా తెల్ల దుప్పటి, గడ్డం నుంచి తల మీదికి తెల్లగుడ్డ కట్టు.

"పన్ను నొప్పి. శానా అల్లాడింది. లేపొద్దులేమ్మా" అంది చిన్నమ్మ.

"ఉండేవి నాలుగు పళ్ళు, వాటికింత వైభోగమా!" అని నవ్వాను. ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చిన్న శబ్దం చేశారు. వాళ్ళూ నవ్వుతున్నారనుకున్నాను. తర్వాత ఫోను ఏటివైపు తిప్పి, పడవలు, వంతెన, నీళ్ళు, అన్నీ పేరుపేరునా జేజికి చూపించాను. మధ్యలో నాయన చెయ్యి ఒకటి వచ్చి దుప్పటి సర్దింది. ఒక్కరూ ఫోను కట్ చేయలేదు. ఆ సాయంత్రమే ఆమెకు ఊదారంగు శాలువా కొన్నాను.

పరీక్ష రాసే పిల్లకు చావు కబురు చెప్పకూడదని మావాళ్ళ పట్టుదల. చివరి పరీక్ష అయ్యాక, పదకొండో రోజున నాయన చెప్పాడు. జేజి ఆరోజు తెల్లవారుజామునే పోయిందట. ఆ గుడ్డ, నోరు తెరుచుకోకుండా కట్టింది. నేను ఏరు చూపించిన గంటకు సమాధుల దొడ్డికి తీసుకుపోయారు.

"నన్నెందుకు నవ్వనిచ్చినారు నాయనా?" అని అరిచాను.

"ఏరు చూపీల్లని అంత ఉబలాటంగా ఉంటివి. యాడ ఆపేదమ్మా నిన్ను?" అన్నాడు.

నాకు ఆయన మీద కోపం పోయింది. నా మీద పోలేదు. అయినా నన్ను పీడించేది ఆ నవ్వు ఒక్కటే కాదు. అందరికీ జేజి ఆ తెల్లవారుజామున పోయింది, నాకు పదకొండు రోజులు ఆలస్యంగా పోయింది. ఆ పదకొండు రోజులూ నా ఒక్కదాని లెక్కలో బతికే ఉన్న మనిషి ఎక్కడుందో, ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు.