మా ఆయన సుద్దముక్క

మా ఆయన దైవాశీర్వాదం కెంటకీలో అల్యూమినియం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్. లోహం తయారయ్యే తొట్లలోకి దించే నల్లటి కార్బన్ దిమ్మెల చుట్టూ తిరిగి, పగుళ్లని కంటితోనే పట్టేస్తాడు. పగులు కనిపిస్తే పసుపు సుద్దతో ఇంటూ మార్కు పెడతాడు. అది రిజెక్ట్ అన్నమాట.

ఆ సుద్ద జేబులోనే ఇంటికొచ్చేది. చట్నీ గిన్నె అంచు పగిలిందని ఇంటూ. మా అబ్బాయి కెన్నీ బర్త్‌డే కేకు చీలిందని డబ్బా మీద ఇంటూ. చివరికి గీత పడిందని పాస్టర్ గారి కొత్త కారు తలుపు మీద కూడా పెట్టొచ్చాడు.

నాకు ఒళ్లు మండింది. 2009 ఈస్టర్ రోజు ఆయన కోటు వీపు మీద నేనే పెద్ద ఇంటూ గీశాను. చర్చిలో ముందు వరుసలో నిలబడ్డాడు. అందరూ చూశారు, దులుపుకోమని ఒక్కరూ చెప్పలేదు. పాస్టర్ గారైతే రెండుసార్లు ఆమేన్ అన్నారు.

ఇంటికొచ్చి కోటు విప్పి, కళ్లజోడు పెట్టుకుని ఆ గీతల్ని చాలాసేపు చూశాడు. "వంకరగా ఉన్నాయి వసంతా" అని చెరిపేసి, తిన్నగా మళ్లీ గీశాడు.