రెండూ ఎడమ కొంగలే

ఎదురుగా ఎవరూ అనరు గానీ, వెనకాల అందరూ ఆమెను భూతద్దం అనే పిలుస్తారు. నగల డిజైన్లు చేసే మనిషి కాబట్టి మెడలో ఎప్పుడూ ఒక చిన్న భూతద్దం వేలాడుతూ ఉండే మాట నిజమే. కానీ ఆ పేరు దానివల్ల రాలేదు. పాలవాడు పోసిన పాలనూ, తమ్ముడు చెప్పిన మాటనూ, బ్యాంకు నుంచి వచ్చిన మెసేజీనీ ఒకేలా వెలుగుకెత్తి చూసే మనిషి మరి. మంచినీళ్లు తాగడానికి లేచినా కంప్యూటర్ తెర మీద తువ్వాలు కప్పి మరీ వెళ్తుంది. ఆ ఇంట్లో ఆమె కాక ఉండేది తమ్ముడూ మరదలే.

ముందు గది ఆమెది. అక్కడ కూర్చుని కంప్యూటర్లో నగను తయారుచేస్తుంది. చేసిన నగ తెర మీద గిరగిరా తిరుగుతుంది. మీది నుంచీ కింది నుంచీ చూసుకుని, వెంట్రుకంత వంపును కూడా దిద్దుకోవచ్చు. వెనక గది మరదలిది. అక్కడున్న యంత్రం ఆ నగను పొర మీద పొరగా మైనంతో అచ్చు తీస్తుంది. ఆ మైనం పోతపోసే ఆయన దగ్గరికి వెళ్లి బంగారమై తిరిగొస్తుంది. మరదలికి ఈ పనంతా నేర్పింది భూతద్దమే. మౌస్ పట్టుకోవడం కూడా రాని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, విసుక్కుంటూ, కసురుకుంటూ, చెప్పిందే చెబుతూ నేర్పింది. సొంత కూతురుంటే అంత ఓపిక పట్టేది కాదేమో. ఆ పిల్లంటే ఆమెకు ప్రాణం. ప్రాణమైనా సరే, పాస్‌వర్డ్ చెప్పడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

ఆమె తండ్రి నాటకాలకు తెరలు రాసేవాడు. మిగిలిపోయిన రంగులతో ఇంట్లో అలమర తలుపుల మీద తలుపుకొకటి చొప్పున రెండు కొంగలు వేశాడు. తలుపులు మూస్తే రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. తీస్తే విడిపోతాయి. చిన్నప్పుడు ఎవరైనా ఆ తలుపులు తీసి వదిలేస్తే ఆమె ఊరుకునేది కాదు, కొంగలు బెంగపెట్టుకుంటాయని. తండ్రి పోయిన ఇన్నేళ్లకు, వాటిని చెవి లోలాకులుగా చెయ్యాలన్న బుద్ధి పుట్టింది. ఎడమ కొంగ దగ్గరే ప్రాణం తోడేసినంత పనైంది. ఆ మెడ వంపు, ఎత్తిపెట్టిన కాలు ఎంతకీ కుదిరి చావలేదు. అది కుదిరాక కుడిదానికి క్షణం పట్టలేదు. మిర్రర్ నొక్కితే అద్దంలో బొమ్మలా ఎదురు తిరిగి వచ్చేసింది. ఆ లోలాకులు పెట్టుకుంటే రెండు కొంగలూ మొహానికి అటూ ఇటూ నిలబడి ఒకదాన్నొకటి చూసుకుంటాయి. పేరున్న నగల షాపు యజమానురాలు ఒకావిడ వాటిని తెర మీద చూసి, ఇకమీదట తన కొత్త రకాలన్నీ నువ్వే చెయ్యాలంది. పెట్టిన షరతు ఒక్కటే. ఆ కొంగలు ఇంకెక్కడా కనిపించకూడదు.

జత బంగారమై ఇంటికొచ్చింది, ఇక కొంగ కంటికి చిన్న రాయి కావాలి. రంగు చూడటానికి ఫోటో పంపితే చాలన్నాడు రాళ్ల వ్యాపారి. ఫోటో పంపితే పదిమంది చేతులు మారుతుందని ఆమె ససేమిరా అంది. నేను పట్టుకెళ్తా వదినా అంది మరదలు. ఆ కొట్లో నలుగురూ చేరతారు, నువ్వు ఎక్కడో నోరు జారతావని ఆమెనూ పంపలేదు. తనే వెళ్లింది. అదైనా జత పట్టుకెళ్లలేదు. పరాయివాడి చేతిలో జత పెట్టేంత అమాయకురాలా? ఎడమ లోలాకు ఒక్కటే రుమాల్లో చుట్టుకెళ్లి, సరైన రాయి దొరికేదాకా ఉంచుకోమని ఇచ్చి, రెండ్రోజుల తర్వాత తెచ్చుకుంది. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూసుకుంది కూడా. ఎక్కడా గీత పడలేదని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

తర్వాత కొన్నాళ్లకు, నగలకు మెరుగు పెట్టే ఆయన సామాను ఇవ్వడానికొచ్చి, మీ కొంగల్ని మూలమీది నగల కొట్లో అద్దాల వెనక పెట్టారే, బాగున్నాయి అన్నాడు. పాపం మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమెకు గుండె జారిపోయింది. వెనక గదిలో ఉన్న మరదలికీ ఆ మాట వినపడే ఉంటుంది. విని కూడా బయటికి రాలేదు. అనుమానం అక్కడ మొదలైంది.

ఆమె ఆ కొట్టుకి వెళ్లి చూడను కూడా లేదు. చూడాల్సిన పనేముంది? ఫైలు ఉన్నది రెండే చోట్ల, తన కంప్యూటర్లో, వెనక గది యంత్రంలో. తన మీద తనకు అనుమానం రాదు కదా. ఆ మధ్య మరదలు ఫోను మోగగానే మెట్ల మీదికి వెళ్లిపోయింది. ఎందుకెళ్లినట్టు? సంచీలో పెన్‌డ్రైవ్ కనిపించింది. కొత్త చెప్పులు కొనుక్కుంది. అడక్కుండానే టీ పెట్టి తెచ్చింది. ఇదివరకైతే ఆ టీ తాగి పిల్ల మంచిదనుకునేది. ఇప్పుడు ఆ టీకి కూడా ఒక కారణం వెతికింది. వెతికితే దొరక్కేం, దొరికింది.

నోరు తెరిచి ఒక్క మాటా అనలేదు. అనుంటే నయం, తిట్టుకునో ఏడ్చుకునో తేల్చుకునేవాళ్లు. ఆమె పాస్‌వర్డ్ మార్చింది. మర్నాడు పొద్దున మరదలు ఫైలు తీసుకోవడానికి కూర్చుని టైపు చేసింది. కంప్యూటర్ తప్పంది. తన వేళ్లే తడబడ్డాయనుకుని మళ్లీ చేసింది. మళ్లీ తప్పే. అప్పుడు తలెత్తి చూసింది. భూతద్దం కిటికీ దగ్గర నిలబడి లేని దుమ్ము తుడుస్తోంది. మరదలు కుర్చీ వెనక్కి జరిపి లేచింది. తర్వాత వెనక గది తాళంచెవి బల్ల మీద పెట్టి మేడ మీదికి వెళ్లిపోయింది.

సాయంత్రం తమ్ముడు కిందికొచ్చి, మేము వేరే ఇల్లు చూసుకుంటున్నాం అక్కా అని మాత్రం చెప్పాడు. ఆమె సరేనంది. తప్పు చెయ్యనివాళ్లయితే ఎందుకు పోతారని, తన తెలివికి తనే మురిసింది.

పెద్ద షాపు యజమానురాలితో మాట్లాడాలంటే చేతిలో రుజువు ఉండాలి కదా. అందుకని ఫోటో తీసుకుందామని తెర మీద తువ్వాలు కప్పి, మూలమీది కొట్టుకి బయల్దేరింది. అద్దాల వెనక నల్లటి మఖమల్ మీద ఉన్నాయి. అదే మెడ, అదే కాలు. నాన్న కొంగలే. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. తుడుచుకుని, భూతద్దం తీసి, అద్దానికి ముక్కు ఆనించి చూసింది.

చూస్తే నవ్వొచ్చింది. రెండు కొంగలూ ఒకే వైపు చూస్తున్నాయి. చెవులకు పెట్టుకుంటే ఒకటి మొహం వైపు చూస్తుంది, రెండోది అలిగినట్టు భుజం వైపు తిరుగుతుంది. దొంగిలించిన ఫైల్లో మిర్రర్ నొక్కడం కూడా చేతకాని దద్దమ్మలనుకుంది.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నొక్కడం దేనికి? ఫైల్లో కుడి కొంగ ఉంది కదా. ఫైలు దొరికినవాడికి రెండూ దొరుకుతాయి. ఎడమదాన్నే రెండుసార్లు పోత పోసుకున్నాడంటే వాడి చేతికి ఒక్క లోలాకే చిక్కింది. దాని మీదే అచ్చు తీసుకున్నాడు. ఎడమ లోలాకు ఒంటరిగా గడప దాటింది ఒకే ఒక్కసారి, రుమాల్లో చుట్టుకుని, తన చేతుల్లో. అద్దం వెనక కొంగల కళ్లలో మెరుస్తున్నది తను ఏరుకొచ్చిన రకం రాయే. రాళ్ల వ్యాపారి ఈ కొట్టుకి కూడా సరుకిస్తాడని ఆమెకు తెలియనిదేం కాదు.

పెద్ద షాపు పని పోయినట్టే. ఆ సంగతి ఆమెకు గుర్తే రాలేదు. చెప్పులు టకటకలాడించుకుంటూ ఇంటికొచ్చి, ఆయాసపడుతూ మేడ మెట్లెక్కింది. ఆ పిల్ల వెళ్లిపోతే ఈ ఇంట్లో తను ఎవరితో మాట్లాడుతుంది?

మరదలు నేల మీద కూర్చుని, పాత పేపర్లలో గిన్నెలు చుట్టి అట్టపెట్టెలో సర్దుతోంది.

"రెండూ ఎడమ కొంగలే," అంది భూతద్దం గుమ్మంలోనే నిలబడి. "నీ దగ్గర్నించి ఏమీ పోలేదే అమ్మా. నేనే తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టొచ్చాను. నాదే తప్పు."

"తెలుసు వదినా," అంది మరదలు తలెత్తకుండా. "మెరుగాయన చెప్పిన మర్నాడే వెళ్లి చూసొచ్చాను."

"మరి నాకు చెప్పలేదేం?"

ఆ మాట నోట్లో ఉండగానే, దాని వెనకాలే ఇంకోటి తలెత్తింది. నాతో చెప్పకుండా ఈ పిల్ల ఆ కొట్టుకి ఎందుకెళ్లినట్టు? ఆమె ఆ ప్రశ్నను పళ్లబిగువున లోపలికే తోసేసింది. కానీ మొహం మీదికి అది అప్పటికే వచ్చేసింది.

మరదలు తలెత్తి ఆ మొహాన్ని చూసింది. ఆ మొహం ఎదుట కూర్చునే పనంతా నేర్చుకున్న పిల్ల.

"ఇందుకే చెప్పలేదు వదినా," అని ఇంకో గిన్నె అందుకుంది.