నీలికవచం గొంతు

మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. నేను రాసిన మూడు ఉత్తరాలు ఏళ్ళ తరబడి నా గుండెల మీద కూర్చున్నాయి. వాటితో ఒక మనిషి నోరు మూయించాను. ఈ సంగతి నా భార్యకు తెలియదు. పక్కన కూర్చుని టీ తాగే స్నేహితులకూ తెలియదు.

ఇప్పుడెందుకు చెప్పడం? కోపం వచ్చి. ఈ మధ్య అందరి ఫోన్లలో ఒక పాత వీడియో తిరుగుతోంది. 'నీలికవచం' అని మా దిల్‌సుఖ్‌నగర్ కేబుల్ ఛానెల్లో ఆదివారం పొద్దున వచ్చిన పిల్లల సీరియల్‌లో ముక్క అది. నీలం రంగు కవచం తొడుక్కున్న వీరుడు మేడల మీంచి దూకి పిల్లల్ని కాపాడతాడు. అప్పటి పిల్లలంతా ఇప్పుడు ముప్పై దాటినవాళ్ళు. వీడియో కింద రాస్తున్నారు, మా చిన్నతనం ఎంత స్వచ్ఛమైనదో అని. ఆ రోజుల్లో నీది ఏ ప్రాంతం అని ఎవరూ అడగలేదట. ఆ వీరుడి గొంతు వింటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుందట.

చదువుతుంటే ఒళ్ళు మండిపోతుంది. ఎవరూ అడగలేదా? నేను అడిగాను. ఆ గొంతు ఎవరిదనుకుంటున్నారు? నాది. కవచంలో ఉన్న మనిషిది కాదు.

ఆ మనిషి యాదగిరి. నల్గొండ పల్లె నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో లారీల షెడ్డులో మెకానిక్‌గా చేసేవాడు. రోజూ వ్యాయామశాలకు వెళ్ళేవాడు కాబట్టి మేడ మీంచి ఇసుక కుప్ప మీదికి బెదురు లేకుండా దూకేవాడు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోచింగ్ సెంటర్‌లో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆ సీరియల్‌కు మాటలు రాసింది నేనే. స్పాంజి ముక్కలు కుట్టిన భుజాలు, నీలం రంగేసిన బైకు హెల్మెట్, రెయిన్‌కోటు గుడ్డ. అదే మా వీరుడి వేషం. దానికే పిల్లలు పడి చచ్చేవారు.

మొదటి నాలుగు వారాలు యాదగిరి తన గొంతుతోనే మాట్లాడాడు. నేను "భయపడకు చిన్నారీ, నేను ఉన్నాను" అని రాసిస్తే, అతను కెమెరా ముందు "బుగులు పడకు బిడ్డా, నేనున్న గద" అన్నాడు. నిర్మాతకు నచ్చింది. అలాగే ఉంచారు. రెండో వారానికల్లా మూసారాంబాగ్ దాకా ప్రతి సందులోనూ పిల్లల నోట అదే మాట. మా అబ్బాయి కూడా, మెట్ల మీద జారిపడ్డ చెల్లెల్ని లేపుతూ, "బుగులు పడకు బిడ్డా" అన్నాడు. నా కొడుకు, నా ఇంట్లో. నేను రాసిన మాట వాడికి గుర్తు కూడా లేదు.

ఆ మధ్యాహ్నమే కూర్చుని మూడు ఉత్తరాలు రాశాను. మూడు రకాల కాగితాలు, మూడు రకాల చేతిరాత, ఒకటి ఎడమ చేత్తో. కింద సంతకాలు 'ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్' అనీ, 'బాధపడుతున్న అమ్మ' అనీ, మూడోదాని కింద ఉత్త 'ఒక అమ్మ' అనీ. పిల్లలు మొరటు భాష నేర్చుకుంటున్నారని రాశాను. వీరుడు లారీ క్లీనర్‌లా మాట్లాడతాడా అని రాశాను. ఎంత శ్రద్ధగా రాశానో. ఏ పాఠమూ అంత శ్రద్ధగా చెప్పలేదు. లేని తల్లుల పేర నా అసహ్యాన్ని రాశానని అప్పుడు నాకు తెలియదా? తెలుసు. తెలిసే అచ్చులూ హల్లులూ సరిచూసుకుని మరీ పోస్టు చేశాను.

నిర్మాత కంగారుపడ్డాడు. నన్నే గొంతు ఇమ్మన్నాడు. నేను కాసేపు మొహమాటం నటించి ఒప్పుకున్నాను. హెల్మెట్ ఉంది కాబట్టి పెదాలు కనబడవు, ఎవరికీ తేడా తెలియదు. యాదగిరికి ఆ ఉత్తరాలు చూపించారు. అతను మూడూ నిలబడే చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మడిచి టేబుల్ మీద పెట్టి, హెల్మెట్ తీసుకుని షాట్‌కు వెళ్ళిపోయాడు. సీరియల్ ఆగిపోయేదాకా, ఏడాది పైనే, అతను ఆ హెల్మెట్ లోపల ఒక్క మాట మాట్లాడలేదు. చేతులు ఊపేవాడు, దూకేవాడు. మాటలన్నీ నేను చెప్పేవాణ్ణి.

ఇక్కడితో ఆగి ఉంటే అసూయ అని సరిపెట్టుకునేవాణ్ణేమో. ఆగలేదు.

కొన్నేళ్ళకు తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బంద్‌లు, రాస్తారోకోలు. మా కాలనీలో కోస్తా వాళ్ళం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్న రోజులు. ఒకనాడు బస్సులు ఆగిపోయి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నడుస్తున్నాను. రోడ్డు పక్క దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని యాదగిరి. కణతల దగ్గర జుట్టు నెరిసింది. నా మూడు ఉత్తరాలూ అప్పజెబుతున్నాడు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. లారీ క్లీనర్ మాట దగ్గర జనం హోరెత్తారు. ఆ తల్లులు తన గల్లీలోనే ఉంటారనుకుని కొన్నాళ్ళు తల వంచుకుని నడిచాడట. తన బిడ్డను ఇంట్లో తన లెక్క మాట్లాడనియ్యలేదట. ఆ జనం మధ్య నిలబడి నేను ఏం చేశాను? చేతులు కట్టుకుని విన్నాను.

దిగి వస్తూ నన్ను చూశాడు. సంతోషంగా వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సారూ, మంచిగున్నరా? దేవుడు తోలినట్టే ఒచ్చిండ్రు. పేపరాయన ఒకడు గా ఉత్తరాలు అబద్ధం అంటున్నడు. ఉద్యమం కోసం కత అల్లిన అంటున్నడు. మీరు సూసిండ్రు గద. జర ఒక్క మాట చెప్పున్రి."

పేపరాయన పక్కనే ఉన్నాడు, నోటుపుస్తకం తెరిచి. "మీరు ఆ సీరియల్ రచయిత కదండీ. అలాంటి ఉత్తరాలు వచ్చాయా?" అన్నాడు.

వచ్చాయి అనొచ్చు. చాలు, అంతే. నేనే రాశానని చెప్పక్కర్లేదు కూడా. కానీ వచ్చాయంటే ఎవరు రాశారని వెతుకుతారేమో, చేతిరాత పోలుస్తారేమో, కాలనీలో మావాళ్ళు నన్ను ఏమంటారో. ఇన్ని లెక్కలు ఒక్క క్షణంలో.

"నాకు తెలిసి అలాంటివేం రాలేదండీ" అన్నాను.

యాదగిరి నా చేతులు వెంటనే వదలలేదు. "యాది చేసుకోన్రి సారూ. మీరు గాడ్నే ఉన్నరు. నేను నిలవడి చదివిన."

"లేదు యాదగిరీ. నువ్వు ఏదో పొరబడ్డావు. గొంతు సరిగా రికార్డు కాలేదనే మార్చారు."

అప్పుడు వదిలాడు. మొహంలో కోపం లేదు. తన జ్ఞాపకాన్నే అనుమానిస్తున్నవాడిలా చూశాడు. ఆ చూపు నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

రెండు రోజులకు పేపర్లో పడింది, కట్టుకథ అని, స్వయంగా రచయితే ఖండించాడని. ఆ తర్వాత ఏ శిబిరంలోనూ అతనికి మైకు ఇవ్వలేదని విన్నాను. షెడ్డు మార్చుకుని పెద్ద అంబర్‌పేట్ వైపు వెళ్ళాడట. అతని అవమానాన్ని ఒకసారి సృష్టించాను. రెండోసారి అది జరగనే లేదన్నాను. ఏది పెద్ద తప్పు? నాకు తెలుసు. రెండోదే.

వెళ్ళి చెప్పొచ్చుగా అంటారు మీరు. ఒకసారి పెద్ద అంబర్‌పేట్ దాకా వెళ్ళాను. లారీల షెడ్లు వరసగా ఉన్నాయి. ఒక్కదాని ముందూ దిగలేదు. క్షమించమని అడిగితే అతను క్షమించేస్తాడేమోనని భయం. ఆ మనిషి అలాంటివాడు. ఆ క్షమ పొందే హక్కు నాకు లేదు. అందుకని మీతోనే అంటున్నాను, మీరు ఏమనుకున్నా సరే.

అతను అబద్ధం చెప్పలేదు. ఉత్తరాలు వచ్చాయి. అతను నిలబడే చదివాడు. లేని తల్లులను అడ్డం పెట్టుకుని రాసింది నేను. ఇది రాస్తుంటే ఎన్నాళ్ళకో ఊపిరి కాస్త తిన్నగా ఆడుతోంది. ఇంకొక్క మాట మిగిలింది. భాష అనీ, మర్యాద అనీ ఇన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్న సాకులన్నిటి కింద దాచిన మాట. మొదటి రోజు షూటింగ్‌లో విన్నప్పుడే నాకు తెలుసు, అతని గొంతు నా గొంతు కన్నా బాగుంది.