మా వీధి నుయ్యి, నూకరత్నమ్మగారి ప్రశ్నలు

పొద్దున్నే కుళాయి తిప్పగానే బ్లీచింగు పౌడరు వాసన వస్తే ఇంట్లో అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం చోడవరంలో మా పక్కింట ఉండే నర్సు నూకరత్నమ్మగారు గుర్తొస్తారు. ఎవరేం చెప్పినా “ఎందుకలాగ?” అని అడగనిదే వదలని మనిషి.

అవి యాభైల నాటి రోజులు. నాకు ఇరవై ఏళ్లు. వానలు మొదలైన వారం మా ఏడాదిన్నర పాపకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు పోస్తే ఇంకా పెరుగుతాయని మా అత్తగారు చుక్క కూడా తాగనివ్వలేదు. రెండో రోజుకి పాప ఏడుస్తున్నా కన్నీళ్లు రావడం లేదు. భయమేసి, పరుగున వెళ్లి నూకరత్నమ్మగారిని పిలుచుకొచ్చాను. ఆవిడ పాప పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలారు. ముడత అలాగే నిలబడిపోయింది.

“ఒంట్లో నీరంతా పోయింది. పోయింది మల్లీ పొయ్యకపోతే పిల్లేటవుద్ది?” అన్నారు అత్తగారితో. పలచగా గంజి కాయించి, చిటికెడు ఉప్పు వేసి, చెంచాతో పట్టమన్నారు. మొదటి చెంచా పాప కక్కేసింది. నేను గిన్నె కింద పెట్టేశాను.

“కక్కిందని మానేస్తావేటి? కాసేపాగి మల్లీ ఒక్క సెంచా. నిలవకపోతే అనకాపల్లి తీసుకెల్లి సెలైనెక్కించాలి.”

దీపాలవేళకి పాప నా ఒడి తడిపింది. “తడిపేసిందా! ఇంక బతికేసినట్టే,” అని ఆవిడ పకపకా నవ్వారు.

వారం తిరక్కుండా మా వరసలో నాలుగిళ్లలో అదే జబ్బు. అందరూ వీధిలో చల్ల అమ్మే పైడమ్మ మీద పడ్డారు. వీధిలోకి వస్తే కుండ పగలగొడతామన్నారు.

“పైడమ్మ సల్ల నేనూ తాగుతన్నాను. మరి నాకెందుకు రాలేదు?” అన్నారు నూకరత్నమ్మగారు. నాకు చదువొచ్చునని నోటుబుక్కు చేతికిచ్చి ఇంటింటికీ తిప్పారు. ఎవరికి ముందొచ్చింది, ఏం తిన్నారు, నీళ్లెక్కడివి, అన్నీ రాశాను. చల్ల కొనని ఇంట్లోనూ జబ్బుంది. కానీ జబ్బు పడ్డవాళ్లంతా మా వీధి నూతి నీళ్లే తాగుతున్నారు. ఆవిడా ఆ నీళ్లే వాడేవారు గానీ, కాచి చల్లార్చుకుని తాగేవారు.

నూతి దగ్గరకెళ్లి వంగి చూశాం. చుట్టూ గచ్చు పగిలి ఉంది. బట్టలుతికిన నీళ్లు ఆ పగుల్లోంచి లోపలికి దిగుతున్నాయి. “ఇక్కడేటుతికేరు?” అన్నారామె. నోటుబుక్కులో మొదటి పేరు మా పాపది. దాని విరేచనాల గుడ్డలు నూతి పక్క రాతి మీద ఉతికింది నేనే.

ఏడ్చేశాను. ఆవిడ తిట్టలేదు. “నీకెవరు సెప్పేరు గనక? ఇప్పుడు తెలిసింది కదా. నువ్వే ఎల్లి సెప్పు.”

నాలుగిళ్లకీ వెళ్లి చెప్పాను. ఒకావిడ మొహం మీదే తలుపు వేసింది. ఇంకొకావిడ నన్ను తన కొడుకు మంచం పక్కన కూర్చోబెట్టుకుని, గంజి ఎలా పట్టాలో అడిగింది. నూకరత్నమ్మగారు నూతిలో బ్లీచింగు పౌడరు కలిపించారు. గచ్చు బాగయ్యేదాకా అందరం నీళ్లు కాచుకున్నాం. జబ్బు పడ్డవాళ్లంతా లేచి తిరిగారు. పైడమ్మ కుండతో మళ్లీ వచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. “మరి మా పాపకి ముందెక్కణ్ణించి వచ్చిందండీ?”

ఈగలా, పాలా, నా చేతులా అని ఆవిడ ఒక్కొక్కటీ అడిగి చూశారు. “తెలీదే అమ్మా. తెలీదనే రాయి.”

రాశాను. తర్వాత నేనూ హెల్త్ విజిటరునై ఎన్నో ఊళ్లు తిరిగాను. రిపోర్టులో జబ్బుకి కారణం దగ్గర ఏదో ఒకటి నింపెయ్యమని పైవాళ్లు తొందరపెట్టిన రోజులున్నాయి. నేను ‘తెలీదు’ అని రాసి, మర్నాడు మళ్లీ ఆ వీధికే వెళ్లేదాన్ని.