అల్లుడికి వేయని ఆకు

మా గుడియాత్తం వైపు ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. అలిగి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల కోసం అల్లుడు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వస్తాడు. అత్త ఆకేసి అన్నం పెడుతుంది. అతను తిని చెయ్యి కడిగాడంటే తగువు తీరినట్టే, పిల్ల బట్టలు సర్దుకుని అతని వెంట వెళ్ళాలి. ఆ పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

మా అక్క అలిగి రాలేదు. వద్దని ఏడ్చినా మొగుడు రోజూ బలవంతం చేస్తుంటే, ఒంటిమీద పంటిగాట్లతో లత్తేరి నుంచి బస్సెక్కి వచ్చేసింది. మహిళా పోలీసుస్టేషనుకు వెళ్ళాం. అక్కడి పోలీసమ్మ గాట్లు చూసింది. కొట్టాడని రాసిస్తే పిలిపిస్తానంది. ఆ బలవంతానికి మాత్రం మొగుడి మీద సెక్షను లేదంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వీధిలో పోయేవాడు చేస్తే జైలు, తాళి కట్టినవాడు చేస్తే సంసారమా?

ఆ శుక్రవారమే బావ పెద్దమనుషులతో వచ్చాడు. నవ్వుతూ కూర్చున్నాడు.

"మొగుడూ పెళ్ళాం సంగతి మామా ఇది. పోలీసోళ్ళకేం పని? సట్టమే నా పక్కన ఉండాది," అన్నాడు మా నాయనతో.

నాయన తల వంచుకుని, ఆకులు వెయ్యమని అమ్మకు చెప్పాడు. లోపల అక్క నా చెయ్యి పట్టుకుంది. "అమ్మ ఏస్తాదా?" అని అడిగింది. నాకూ తెలియదు. పొద్దుటి నుంచీ అమ్మ వండుతూనే ఉంది.

అమ్మ వచ్చి ఒకే ఒక్క ఆకు వేసి నీళ్ళు చిలకరించింది. బావ లేచాడు.

"నువ్వు కూసో అప్పా. ఇది నా బిడ్డకి," అంది.

అంతమంది మగవాళ్ళ ముందు అక్కను కూర్చోబెట్టి పాయసం దాకా వడ్డించింది. అక్క ఏడుస్తూనే తిన్నది. అప్పుడు అమ్మ వాళ్ళవైపు తిరిగి, "ఇంగ ఈ ఇంట్లో ఆయప్పకి ఆకు లేదు. పొయ్యిరండి," అంది. బావ నవ్వు పోయింది. గడప దాటుతూ, "మళ్ళా వస్తా అత్తా, ఆకలైనప్పుడు," అన్నాడు మెల్లగా.

ఇప్పుడు వేలూరు కోర్టులో అక్క పెట్టిన కేసు నడుస్తోంది. కొట్టిన సంగతి మాత్రం చెప్పు, అది సులువని మా వకీలమ్మ అంటే, జరిగిందంతా చెప్తానని అక్క పట్టుబట్టింది. వాయిదాలకు నాయనే మా వెంట వస్తాడు. బస్సు వెనక కాట్పాడి దాకా బావ బండి కూడా వస్తుంది.

అక్క కోర్టులో నోరు తెరవాల్సిన రోజు ఆ బండి కనబడలేదు. కోర్టు వరండాలోంచి ఇంటికి ఫోన్ చేశాను.

"వాకిట్లో నిలబడుకోని ఉండాడు. ఆకలంటాడు," అంది అమ్మ. ఆమె మాటల వెనక తలుపు దబదబమంటోంది. "నేను తియ్యలే. పక్కింటోళ్ళని పిలిసినా. మీరు రావద్దు, దాన్ని చెప్పనీ."

పక్కనే ఉన్న నాయన ఆ మాట వింటూనే బస్టాండు వైపు పరుగెత్తాడు. లోపల అక్కను పిలిచారు. అక్క నా చేతిలోని ఫోన్ వైపు ఒకసారి చూసి, కొంగు దోపుకుని లోపలికి వెళ్ళింది.