పాతది చేతిలో ఉండాలి

బిలాస్‌పూర్‌లో మా పక్క క్వార్టర్ మావయ్య రైల్వే లోకో షెడ్‌లో ఫిట్టరు. అక్కడ పాత సామాను ఒప్పజెబితేనే కొత్తది ఇచ్చేవారు.

నా పాత లాప్‌టాప్‌కి వైఫై కార్డు రెండుసార్లు కొన్నాను. మొదటిది పట్టలేదు, రెండోదాన్ని లాప్‌టాప్ గుర్తుపట్టలేదు.

"పాతది సేతిలో నేకుండా ఎల్తే కొత్తదెలా ఇత్తార్రా?" అని మావయ్య విసుక్కున్నాడు. పాత కార్డు తనే ఊడదీసి, జేబురుమాల్లో చుట్టి, నన్ను బజారుకి లాక్కెళ్ళాడు. కళ్ళజోడు నుదుటికెత్తి, ఒక్కో కార్డునీ దాని పక్కన పెట్టి సైజూ నంబరూ పోల్చి చూశాడు. నాలుగోది సరిపోయింది. పాతది మాకెందుకని షాపువాడు నవ్వినా, "అచ్ఛా, రఖ్ లో" అని, ఉంచుకోమంటూ మావయ్య దాన్ని అక్కడే పెట్టొచ్చాడు.

రిటైరైన రోజు షెడ్‌లో పనిముట్ల పెట్టె ఒప్పజెప్పి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఖాళీ చేతులు నాకు చూపించాడు.

"పాతది ఇచ్చేసినాన్రా. మరి కొత్తదేటిత్తారు?"