ఎమిలియో మోచేయి

2023 నాటికి నేను సౌదీలో అల్ ఖోబర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎంఆర్ఐ టెక్నాలజిస్టుగా చేరి చాలా ఏళ్లయింది. మాది ప్రొద్దుటూరు. అక్కడ మా వాళ్లు నన్ను ‘స్కానింగ్ డాక్టరు’ అని చెప్పుకుంటారు. ఎన్నిసార్లు దిద్దినా వినరు. నేను డాక్టర్ని కాను. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, నొప్పి ఉన్న చోట కాయిల్ అనే తొడుగు అమర్చి, అయస్కాంతపు సొరంగంలోకి పంపి, బొమ్మలు సరిగ్గా వచ్చేదాకా కదలకుండా చూసేవాణ్ణి. ఆ బొమ్మల్లో ఏముందో తేల్చి రాసేది రేడియాలజిస్టు. ఆ రిపోర్టు వచ్చేదాకా నేను నోరు విప్పకూడదు. విప్పితే ఉద్యోగం పోతుంది. పోవడమే న్యాయం కూడా, ఎందుకంటే నాకు కనిపించిందంతా నిజం కానక్కర్లేదు.

నోరు విప్పకపోవడంలో నాకు కాస్త గర్వం ఉండేది. బయటికి వచ్చిన ప్రతి మనిషీ అడుగుతాడు. డ్రైవర్లు “భాయ్, సబ్ ఠీక్?” అంటారు. సౌదీ పెద్దాయనలు చేయి పట్టుకుని వదలరు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఇంగ్లీషులో దబాయిస్తారు. అందరికీ నాదొకటే జవాబు, రిపోర్టులో వస్తుందని. నా దగ్గర్నుంచి మాట రాబట్టినవాడు లేడని కొత్తగా చేరినవాళ్లకు గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ గర్వం దించినవాడు ఒక బేస్‌బాల్ ఆటగాడు. ఎమిలియో అని పిలుద్దాం. అసలు పేరు వేరు. ఇది రాస్తున్నానని అతనికి తెలుసు.

ఎమిలియోది డొమినికన్ రిపబ్లిక్. మనకు క్రికెట్ ఎలాగో వాళ్లకు బేస్‌బాల్ అలాగ. అందులో అతను పిచర్, అంటే బంతి విసిరేవాడు. మన బౌలర్‌లా పరుగెత్తుకుంటూ రాడు. చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి, ఒక కాలు ఎత్తి, ఒంట్లోని బలమంతా చేతిలోకి తెచ్చి విసురుతాడు. ఆ దెబ్బంతా పడేది మోచేతి మీద. బంతి వేగంగా వస్తుందా, నెమ్మదిగా వచ్చి మోసం చేస్తుందా అన్నది చేతిలోంచి వదిలేదాకా బ్యాటర్‌కు తెలియకూడదు. తెలిసిపోయిందా, ఎంత గొప్ప పిచరైనా చావుదెబ్బలు తినాల్సిందే.

అమెరికాలో పెద్ద లీగ్‌లో అతను ఆడింది ఒకే ఒక వేసవి, అదీ సగంలో పంపించేశారు. మిగతా కాలమంతా చిన్న ఊళ్ల జట్లు, రాత్రంతా బస్సు ప్రయాణాలు. తర్వాత మెక్సికో, తైవాన్, ఇటలీ. ఎవరు పిలిస్తే అక్కడికి, ఒక సీజన్‌కో అర సీజన్‌కో. చివరికి ధహ్రాన్ వైపు అమెరికన్ కుటుంబాలు ఉండే ఒక కాంపౌండ్‌లో పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగం మీద సౌదీ వచ్చాడు.

మొదటిసారి మా దగ్గరికి భుజం నొప్పితో వచ్చాడు. స్కాన్ అయ్యాక సీడీ కోసం కూర్చుని, నేను అడక్కుండానే తన కథంతా చెప్పాడు. కొందరు పరాయి దేశంలో ఎవరు దొరికితే వాళ్లతో మాట్లాడతారు. నాకూ ఆ అలవాటుంది కాబట్టి విన్నాను.

“తైవాన్‌లో ఒక సీజనంతా నన్ను చితక్కొట్టారు,” అన్నాడు. “చేయి అదే, బంతి అదే. ఎందుకు కొడుతున్నారో అర్థం కాలేదు. చివర్లో నా బంతులు పట్టే ఒక ముసలి క్యాచర్ చెప్పాడు. విసరబోయే ముందు బంతిని గ్లవ్‌లో దాచుకుంటాం కదా, నెమ్మది బంతికి వేళ్లు సర్దుకునేటప్పుడు నా గ్లవ్ ఇంత విచ్చుకుంటోందట.” రెండు వేళ్లు కొద్దిగా ఎడంగా పెట్టి చూపించాడు. “లీగ్‌లో అందరికీ తెలుసు. నాకే తెలియదు.”

నేను పగలబడి నవ్వాను. అతనూ నవ్వాడు. భుజంలో పెద్దగా ఏమీ లేదని తర్వాత రిపోర్టు వచ్చింది.

మళ్లీ కొన్ని నెలలకు, ఎండలు తగ్గాక వచ్చాడు. ఈసారి మోచేయి. పిల్లలకు చూపించడానికి ఒక బంతి గట్టిగా విసిరితే లోపల పటుక్కుమందట. గల్ఫ్‌లో కొత్తగా పెట్టబోయే ఒక చిన్న లీగ్‌లో ఒక జట్టు అతన్ని తీసుకుంటానంది. చేయి స్కాన్ తీయించి పంపమంది. ఆ వయసులో ఇంకో పిలుపు రాదని అతనికీ తెలుసు.

“నాకు ఒక్క సీజన్ చాలు,” అన్నాడు కాయిల్ అమరుస్తుంటే. “ఆడతాను. ఆఖరి రోజున నేనే టోపీ తీసి, సెలవు చెప్పి వెళ్లిపోతాను. ఇంతవరకూ నేను ఒక్క జట్టునూ వదల్లేదు, తెలుసా? అన్నీ నన్నే వదిలేశాయి.”

మోచేయి స్కాన్ అంటే మనిషికి శిక్షే. బోర్లా పడుకుని, చేయి తలకు పైగా చాచి, అలాగే ఉండాలి. చెవుల దగ్గర సుత్తి దెబ్బల్లాంటి చప్పుడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే కదిలిపోతారు. అతను రాయిలా పడుకున్నాడు. ఒక్క బొమ్మ కూడా మళ్లీ తీయాల్సిన అవసరం రాలేదు.

మోచేతి లోపలి వైపు ఎముకను ఎముకతో కలిపి ఉంచే ఒక లిగమెంట్ ఉంటుంది. బొమ్మలో అది నల్లటి దారంలా కనబడాలి. నీరు తెల్లగా కనిపిస్తుంది. అతని బొమ్మలో నల్లదారం సగం దూరం వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత తెలుపు. నేను డాక్టర్ని కానని చెప్పాను కదా. అయినా కొన్ని చూడగానే తెలిసిపోతాయి. నాకు చాలా బాధేసింది.

బయటికి తీసుకొచ్చాను. బల్ల మీద నుంచి లేపి కూర్చోబెట్టాను. నీళ్లు తెచ్చిచ్చాను. అయస్కాంతం గదిలోకి చెప్పులూ బూట్లూ రానివ్వం, సేఫ్టీ షూల్లో ఇనుము ఉంటుంది కాబట్టి అందరూ తలుపు బయట బెంచి దగ్గర విడిచి రావాలి. అతన్ని బెంచి మీద కూర్చోబెట్టి, వంగి, బూట్లు అతని పాదాల వైపు తిప్పి, లేసులు వదులు చేసి పెట్టాను. ఒక్క మాట మాట్లాడలేదు.

ఎమిలియో బూట్ల వంక చూశాడు. తర్వాత నా వంక.

“తెగిపోయింది, కదా?” అన్నాడు.

“రిపోర్టులో వస్తుంది. డాక్టరమ్మ చూడాలి.”

“నువ్వు చెప్పేశావుగా.”

నాకు కోపం వచ్చింది. “నేనేం చెప్పాను? నోరే తెరవలేదు!”

“గ్లవ్ తెరిచావు, మై ఫ్రెండ్.” బూట్ల వైపు చేయి చూపించాడు.

“మీ చేయి నొప్పిగా ఉందని సాయం చేశాను. అది తప్పా?”

“గతసారి భుజం నొప్పితో వచ్చాను. లేసులు నేనే కట్టుకున్నాను. నువ్వు కంప్యూటర్ దగ్గర్నుంచి లేవలేదు.” అతని గొంతులో నిష్ఠూరం లేదు. పిల్లవాడికి ఆట నేర్పుతున్నట్టే చెప్పాడు. “ఇవాళ నా వంతు వచ్చేదాకా ఇక్కడే కూర్చుని చూశాను. ఒక పాకిస్తానీ బయటికి వచ్చాడు. అతని చెప్పులు నువ్వే తెచ్చి పెట్టావు. తర్వాత ఒక సౌదీ పెద్దాయన. ఖలాస్, అయిపోయింది అని చెప్పి నువ్వు తిరిగిపోయావు. ఆయన చెప్పు బెంచి కిందికి పోయింది. పాదంతో చాలాసేపు వెతుక్కున్నాడు. అప్పుడే అనుకున్నాను, ఈ పెద్దాయనకు ఏమీ లేదు అని.”

ఆ పాకిస్తానీ డ్రైవర్ వెన్నులో నేను చూసింది గుర్తొచ్చింది. పెద్దాయన మోకాలు శుభ్రంగా ఉన్న సంగతీ గుర్తొచ్చింది.

“నా బతుకంతా ఇదే,” అన్నాడు ఎమిలియో. “జట్టులోంచి తీసేసే రోజు మేనేజర్ తలుపు వేస్తాడు. కుర్చీ చూపిస్తాడు. సీజనంతా పేరు పెట్టి పిలవనివాడు మా అమ్మ ఎలా ఉందని అడుగుతాడు. అమ్మ మాట వచ్చిందంటే నేను మనసులో సూట్‌కేస్ సర్దడం మొదలుపెడతాను. నాకు మంచితనమంటే భయం, నీకు అర్థమవుతోందా? ఎప్పుడూ చెడ్డ వార్తతో కలిసే వచ్చింది.”

అని, ఎడమ చేత్తో ఫోన్ తీశాడు.

“ఎవరికి?” అన్నాను.

“జట్టు వాళ్లకు. నేను ఆడనని చెప్పాలి.”

“వద్దు, ఆగండి. రిపోర్టు రాలేదు. నేను డాక్టర్ని కాను. నేను పొరపాటు పడి ఉండొచ్చు. నా మొహం చూసి మీరు మీ ఆట మానేస్తారా?”

“నా మోచేయి ఆరోజే చెప్పింది. నీ మొహం ఔనన్నది, అంతే,” అని కారిడార్‌లోకి నడిచాడు.

నేను పరుగున రేడియాలజిస్టు గదికి వెళ్లాను. ఆమె ఈజిప్ట్ ఆవిడ. పని మధ్యలో కదిలిస్తే కళ్లెర్ర చేస్తుంది. ఆరోజు నన్ను చూసి ఏమీ అనలేదు. ముందు ఈ మోచేయి చూడండి మేడమ్ అన్నాను. బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ పోతోంది. నేను వెనక నిలబడి దేవుణ్ణి తలుచుకుంటున్నాను. ఏమని తలుచుకున్నానో చెబితే నవ్వుతారు. తెగి ఉండాలి, పూర్తిగా తెగి ఉండాలి అని. తెగకపోతే, నేను బూట్లు సర్దినందుకు ఒక మనిషి తన చివరి ఆట వదులుకున్నట్టు అవుతుంది.

“పూర్తిగా తెగింది. ఆపరేషన్ చేసినా ఏడాది పైన పడుతుంది. క్రీడాకారుడా?” అన్నదామె.

చెడ్డ వార్త విని ఊపిరి పీల్చుకున్నది నా జీవితంలో అదొక్కసారే. పీల్చుకున్నందుకు వెంటనే సిగ్గేసింది.

నేను తిరిగి వచ్చేసరికి ఎమిలియో మాట్లాడటం అయిపోయింది. కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. కళ్లు తడిగానే ఉన్నాయి, కానీ మొహంలో దిగులుకన్నా ఆశ్చర్యం ఎక్కువుంది.

“రిపోర్టు వచ్చిందా అని అడిగారు. రాలేదన్నాను. మరి ఇప్పుడే ఎందుకు చెబుతున్నావన్నారు. నేను మానేస్తున్నానన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట అనడం ఇదే మొదలు.” ఫోన్ జేబులో వేసుకున్నాడు. “మా అమ్మ గురించి అడిగేలోపే పెట్టేశాను.”

అతని భుజం మీద చేయి వేశాను. ఈసారి ఏమీ దాచాల్సిన పని లేదు కాబట్టి చేయి తీయలేదు.

అతను వెళ్లేముందు నేను ఒకటే అడిగాను, ఇక మీదట నేను ఎవరికీ సాయం చేయకుండా బండలా ఉండాలా అని. తల అడ్డంగా ఊపాడు. “ముసలి క్యాచర్ నాకేం చెప్పాడో చెప్పనా? గ్లవ్ మూసుకోమనలేదు. ప్రతి బంతికీ ఒకేలా తెరవమన్నాడు. ఆ పెద్దాయనకు కూడా చెప్పు దొరికితే బాగుండేది కదా?”

సాయంత్రం మా డిపార్ట్‌మెంట్‌లో పేషెంట్లను వీల్‌చెయిర్‌లో తెచ్చే రాజన్నను పట్టుకున్నాను. రాజన్నది జగిత్యాల, నాకంటే ముందునుంచీ అక్కడ ఉన్నాడు.

“రాజన్నా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పప్పా. నన్ను చూస్తానే స్కాన్‌లో ఏముందో తెలిసిపోతాదా?”

“గదేం ముచ్చట సార్, అందరికి ఎర్కే గదా,” అన్నాడు రాజన్న. “మీరు జెప్పులు ముట్టిన్రంటే నేను ఇగ ఆ పేషెంట్‌తోని జోకులెయ్య. గమ్మున తోల్కపోత.”

“మరి నాకెందుకు చెప్పలేదప్పా?”

“మంచి పనే జేస్తున్రు గదా సార్. వద్దని ఎట్ల జెప్పాలె?”

ఆ రాత్రి నన్ను తొలిచింది ఈ మాట కాదు. చెడ్డ వార్త ఉన్నవాళ్లకు నాకే తెలియకుండా తెలియజేశాననీ కాదు. బాగున్నవాళ్లకు నేను ఏమీ ఇవ్వలేదన్నది. సొరంగంలో వాళ్లూ అంతే భయపడ్డారు, వాళ్లూ అంతసేపూ చలిలో పడుకున్నారు. జబ్బు లేకపోవడంతో నా దృష్టిలో వాళ్ల పని అయిపోయింది. ఇరవై ఏళ్లు చదివినా ఈ పాఠం ఏ కోర్సులోనూ నాకు దొరికేది కాదు.

మర్నాటి నుంచి అందరి చెప్పులూ సర్దడం మొదలుపెట్టాను. షేక్ అయినా, షెడ్లు కట్టే కూలీ అయినా. దీనితో లైన్ నెమ్మదించిందని రాజన్న సణుగుతూనే ఉంటాడు. ఎమిలియో ఇప్పటికీ ఆ పిల్లలకే ఆట నేర్పుతున్నాడు. విసరడు, నిలబడి చెబుతాడు.

మొన్న హఫర్ అల్ బాతిన్ నుంచి కంపెనీ పంపిన ఒక మేస్త్రీ వచ్చాడు. నిజామాబాద్ పక్కన పల్లె. తలనొప్పులని తల స్కాన్ రాశారు. అయిపోయాక బెంచి మీద కూర్చోబెట్టి, సిమెంటు గట్టిపడిన అతని సేఫ్టీ షూలు దుమ్ము దులిపి ముందు పెట్టాను. అతను గభాలున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. మొహం తెల్లబోయింది.

“సార్, మీరెందుకు ముట్టుకుంటున్రు? ఏమన్న పెద్దదే ఉన్నదా? దాయకుండ్రి సార్, పిల్లలున్నరు.”

ఈ దేశంలో ఇన్నేళ్లు పనిచేసిన మనిషికి, ఎవరో తన బూట్లు సర్దితే తాను చచ్చిపోతున్నాననే తప్ప ఇంకేమీ తోచలేదు. అయినా మామూలుగానే అన్నాను. “అట్లేం గాదన్నా. ఈడ అందరికీ ఇట్లే చేస్తాం. రిపోర్టులో వస్తాది.”

“అవు తమ్మీ,” అన్నాడు వెనక నుంచి రాజన్న. “గీ సార్ అందరికి గిట్లనే జేస్తడు. నమ్మకుంటే గాడ నిలబడి సూడు.”

అతను నిజంగానే నిలబడ్డాడు. తర్వాతి మనిషి బయటికి వచ్చేదాకా ఆగి, నేను వంగి ఆ చెప్పులు కూడా సర్దడం చూశాడు. అప్పుడు నా దగ్గరికి వచ్చి నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏమీ దొరకలేదు. సరే సార్, దేవుడున్నడు అని వెళ్లిపోయాడు.

అతని స్కాన్‌లో ఏముందో ఇక్కడ కూడా రాయను.